కొండపల్లి బొమ్మలు, పాత ఇత్తడి సామాన్లు హాల్లో చూడముచ్చటగా సర్దడం ఎలా?

"బొమ్మలు బోలెడున్నాయి. ఖరీదు పెట్టి షోకేసు చేయించాం. అయినా చూస్తే గిఫ్టు షాపులా ఉంది తప్ప ఇల్లులా లేదు. ఏం చేయాలి?" ఇదే ప్రశ్న రకరకాలుగా మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఫొటోలు పంపి అడిగేవాళ్ళ ఇళ్ళు దాదాపు ఒకేలా ఉంటాయి. టీవీ పక్కన అద్దాల షోకేసు. అందులో కొండపల్లి ఎడ్లబండి, దాన్ని ఆనుకుని ఆగ్రా తాజ్‌మహల్, వెనక స్కూల్లో వచ్చిన కప్పులు, ముందు పెళ్ళిలో రిటర్న్ గిఫ్టుగా ఇచ్చిన వినాయకుడు. అన్నీ మంచి వస్తువులే. ఒక్కటీ కనపడదు.

కొత్త షోకేసు కొనాల్సిన పని లేదు. ఉన్నవాటిలో సగం తీసి దాచేస్తే మిగిలిన సగం అందం దానంతట అదే బయటికొస్తుంది. మిగతాదంతా చిన్న చిన్న మెళకువలు. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండే చెక్క బొమ్మలు, ఇత్తడి సామాన్ల గురించి వివరంగా రాస్తున్నాను. నాణేలు, తోలుబొమ్మల సంగతి చివర్లో క్లుప్తంగా ఉంది.

కావలసినవి

- మెత్తటి బ్రష్‌లు రెండు. వాడని మేకప్ బ్రష్ ఒకటి, ఒక అంగుళం పెయింట్ బ్రష్ ఒకటి
- ఉతికి ఆరేసిన పాత పంచె ముక్కలు
- టేపు, పెన్సిలు, రసమట్టం (ఫోన్‌లో ఉండే లెవెల్ యాప్ అయినా సరిపోతుంది)
- 5, 10, 15 సెంటీమీటర్ల ఎత్తున్న కర్ర దిమ్మెలు కొన్ని. కార్పెంటర్ దగ్గర మిగిలిన ముక్కలు అడిగితే ఇస్తాడు
- పువ్వులు, గళ్ళు లేని నేత గుడ్డ. మంగళగిరి నూలు గుడ్డ అయితే బాగుంటుంది
- వంటింటి తూకం లేదా సామాను తూచే వేలాడే కాటా
- మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు రెండు, సిలికా జెల్ ప్యాకెట్లు
- వార్మ్ వైట్ ఎల్ఈడీ స్ట్రిప్ (ఇది ఉంటే మంచిది, లేకపోయినా పని ఆగదు)

పని మొదలుపెట్టడానికి ఆదివారం పొద్దున్నే మంచి సమయం. సాయంత్రం చుట్టాలొస్తున్నారని మధ్యాహ్నం మొదలుపెడితే మళ్ళీ అన్నీ పాత చోటికే పోతాయి.

1. షోకేసు మొత్తం ఖాళీ చేయండి

అక్కడక్కడా జరిపితే సర్దినట్టు కాదు. అన్నీ కిందికి దించి చాప మీదో దుప్పటి మీదో పరచండి. దించేటప్పుడు బొమ్మను తల దగ్గరో చెయ్యి దగ్గరో పట్టుకోవద్దు. కొండపల్లి బొమ్మల్లో చేతులు, కొమ్ములు, తలపాగాలు విడిగా చేసి అతికించినవి. అడుగు భాగం కింద ఒక చెయ్యి పెట్టి, రెండో చేత్తో నడుము దగ్గర ఆనించి దించండి.

ఇప్పుడు ఖాళీ అరల్ని ఒకసారి పరిశీలించండి. చెక్క బొమ్మ ఉన్న చోట సన్నటి పిండిలాంటి పొడి రాలి ఉంటే అది దుమ్ము కాదు, చెక్కపురుగు గుర్తు. ఆ బొమ్మను వెంటనే జిప్ కవర్లో పెట్టి మూసి మిగతావాటికి దూరంగా ఉంచండి. పక్కనున్న బొమ్మల అడుగున సన్నటి చిల్లులేమైనా ఉన్నాయేమో చూడండి. రంగు వేసిన బొమ్మకు ఇంట్లో మందులు కొట్టే ప్రయోగాలు వద్దు, రంగు పోయే ప్రమాదం ఉంది. బొమ్మలు చేసేవాళ్ళకో హస్తకళల షాపువాళ్ళకో చూపించండి.

2. రకాలుగా విడగొట్టండి

కింద పరిచినవాటిని గుంపులు చేయండి. కొండపల్లి ఒక గుంపు, ఏటికొప్పాక ఒక గుంపు, నిర్మల్ ఒక గుంపు, ఇత్తడి ఒక గుంపు. టూర్లలో కొన్నవి, బహుమతులు, కప్పులు మరో గుంపు.

ఏది ఏదో తెలియకపోతే ఇలా గుర్తుపట్టొచ్చు. చేతిలోకి తీసుకుంటే బరువే లేనట్టుండి, రకరకాల రంగుల్లో మనుషులో దేవుళ్ళో పల్లె దృశ్యాలో అయితే కొండపల్లిది అయ్యే అవకాశం ఎక్కువ. అది తెల్ల పొణికి కర్ర. గుండ్రంగా, మూలల్లేకుండా, నున్నగా మెరుస్తూ ఉంటే ఏటికొప్పాకది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఆ ఊళ్ళో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క అద్దుతారు. నిర్మల్‌వి కూడా పొణికి కర్రవే. పళ్ళు, పక్షులు, జంతువులు అచ్చం నిజమైనవాటిలా ఉంటాయి.

ఒక అరలో ఒకే రకం. ఈ ఒక్క నియమం పాటించినా సగం తేడా కనిపిస్తుంది. మరి కప్పులు, మెమెంటోలు? అవి పిల్లల గదిలోనో చదువుకునే బల్ల మీదో ఉండాల్సినవి. వాటి విలువ తక్కువని కాదు. బంగారు రంగు ప్లాస్టిక్ మెరుపు పక్కనుంటే ఎంత మంచి చెక్క బొమ్మయినా వెలవెలబోతుంది.

3. సగం పెట్టెలో పెట్టండి

అందరూ ఆగిపోయేది ఇక్కడే. "ఇది అత్తయ్య ఇచ్చింది, కనపడకపోతే బాధపడతారు", "ఇది తిరుపతిలో కొన్నది". నిజమే. పారేయమని కాదు కదా, వంతుల వారీగా బయటపెడదాం. అత్తయ్య వచ్చే వారం అత్తయ్య బొమ్మ ముందు వరసలో ఉంటే సరిపోతుంది.

మూడడుగుల వెడల్పున్న అరలో అరచేతి ఎత్తు బొమ్మలైతే ఐదు నుంచి ఏడు చాలు. పెద్ద ఇత్తడి బిందెలాంటిదైతే ఒక్కటి, దాని పక్కన చిన్నవి రెండు. దశావతారాలు, పెళ్ళి ఊరేగింపు లాంటి సెట్టయితే లెక్క వేరు. సెట్టును విడగొట్టకూడదు. దానికి ఒక అర మొత్తం ఇచ్చేయండి.

బొమ్మల కొలువులో మెట్ల నిండా పేర్చినా బాగానే ఉంటుంది కదా అనొచ్చు. కొలువు పండగ నాలుగు రోజుల సందడి. నిండుగా ఉండటమే దానికి అందం. ఏడాది పొడవునా ఎదురుగా కనిపించే అర అంత నిండుగా ఉంటే నెల తిరక్కుండానే కన్ను దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది.

4. చోటు ఎంచుకోండి

షోకేసు ఎక్కడుందో అక్కడే ఉండాలని లేదు. వీటికి దూరంగా ఉండాలి:

- పడమటి ఎండ నేరుగా పడే గోడ. ఏటికొప్పాక బొమ్మలకు చాలావరకు మొక్కల నుంచి తీసిన రంగులు వాడతారు. రోజూ ఎండ తగిలితే వెలిసిపోతాయి.
- బాత్రూం గోడకు అవతలి వైపు. పెయింటు ఉబ్బి ఉంటే తేమ ఉన్నట్టే. కర్రకు బూజు, ఇత్తడికి కిలుము.
- వంటింటి గుమ్మం ఎదురు. పోపు జిడ్డు దుమ్ముతో కలిసి అంటుకుంటే బ్రష్‌కి రాదు.
- చెప్పుల స్టాండు పైన. దేవుడి బొమ్మలైతే ఇంట్లో పెద్దవాళ్ళు ఎలాగూ ఊరుకోరు.

ఎండ సంగతి అనుమానంగా ఉంటే చిన్న పరీక్ష. న్యూస్‌పేపర్ ముక్క తీసుకుని సగాన్ని అట్టతో కప్పి, అనుకున్న చోట రెండు మూడు వారాలు ఉంచండి. కప్పని సగం పసుపెక్కితే అక్కడ రంగు బొమ్మలు పెట్టొద్దు. ఇత్తడి పెట్టుకోవచ్చు.

ఎత్తు విషయంలో చాలామంది మ్యూజియం లెక్క పాటించి, నిలబడి చూసేలా ఐదడుగుల దగ్గర పెడతారు. మన హాల్లో మనం ఎక్కువగా కూర్చునే ఉంటాం. సోఫాలో కూర్చున్న మనిషి కళ్ళు నేల నుంచి మూడున్నర అడుగుల చుట్టుపక్కల ఉంటాయి. మీ దగ్గరున్న మంచి వస్తువు ఆ ఎత్తులో ఉండాలి. నడవాలోనో గుమ్మం పక్కనో పెట్టేవాటికి ఐదడుగులు సరైనదే.

5. శుభ్రం చేయడం: ఒక్కోదానికి ఒక్కో పద్ధతి

ఎక్కువ నష్టం జరిగేది ఈ మెట్టులోనే, అందుకని కాస్త నిదానంగా చదవండి.

*కొండపల్లి, నిర్మల్ బొమ్మలు.* నీళ్ళు తగలకూడదు. తడి గుడ్డ కూడా వద్దు. కొండపల్లి బొమ్మ ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పైన తెల్లటి పూత వేసి దాని మీద రంగులు దిద్దుతారు. తడి తగిలితే మక్కు మెత్తబడుతుంది, పూత పెచ్చులూడుతుంది. పొడి బ్రష్‌తో పైనుంచి కిందికి దులపండి. ముడతల్లో దుమ్ము మేకప్ బ్రష్‌కి వస్తుంది. ఎనామిల్ రంగులేసిన కొత్త బొమ్మలు తడిని కొంత తట్టుకుంటాయి కానీ, మీది ఏ రకమో ఖాయంగా తెలియనప్పుడు రిస్కు ఎందుకు?

చెయ్యి ఊడిపోతే ఇన్‌స్టంట్ గమ్ వేయొద్దు. అది గట్టిపడి గాజులా పెళుసవుతుంది. అదే చోట మళ్ళీ విరిగితే ఈసారి కర్రనూ పెకలించుకుని వస్తుంది. కార్పెంటర్లు వాడే తెల్ల జిగురు అగ్గిపుల్ల కొనతో కొద్దిగా పెట్టి, దారంతో వదులుగా కట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచండి.

*ఏటికొప్పాక బొమ్మలు.* లేత్ మీద తిరిగే కర్రకు లక్కను ఒత్తితే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. అంటే వేడి తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది. స్పిరిట్ తగిలితే కరుగుతుంది. శానిటైజర్, అద్దాలు తుడిచే స్ప్రే, సెంటు, వీటిలో ఏదీ దగ్గరికి రానివ్వకండి. షోకేసు అద్దం తుడవాలంటే ముందు బొమ్మలు బయటికి తీసి, అద్దం పూర్తిగా ఆరాకే మళ్ళీ పెట్టండి. బొమ్మకు పొడి పంచె ముక్క చాలు, రెండుసార్లు తుడిస్తే మెరుపు తిరిగొస్తుంది.

*ఇత్తడి.* ముందు అది పాతదా, లక్కర్ కోటింగ్ ఉన్న కొత్తదా తేల్చుకోండి. కొత్త షోపీసుల మీద చాలావాటికి పారదర్శకమైన పూత ఉంటుంది. చింతపండు పెడితే ఆ పూత మచ్చలు మచ్చలుగా ఊడి, బాగుచేయలేని స్థితికి వస్తుంది. అలాంటివాటిని మెత్తటి గుడ్డతో తుడవడమే. పూత లేని చెంబులు, గుండిగలు, గంగాళాలకు మన చింతపండు, ఉప్పు పద్ధతి బాగా పనిచేస్తుంది. తోమాక చేసే పొరపాటు ఒకటుంది. సరిగ్గా కడగకుండా, తడిగానే అరలో పెట్టేస్తారు. అంచుల్లో, చెవుల దగ్గర మిగిలిన పులుపు వారం తిరిగేసరికి పచ్చటి కిలుము అవుతుంది. రెండుసార్లు మంచినీళ్ళతో కడిగి, పంచెతో ఒత్తి, గాలికి పూర్తిగా ఆరనివ్వాలి.

పెంబర్తి నగిషీ పనికి, ఆదిలాబాద్ డోక్రా (మైనం అచ్చుతో పోతపోసిన) బొమ్మలకు పులుపు వద్దు. పీచు అసలే వద్దు. గీతల మధ్యనున్న ఆ నల్లదనమే పనితనాన్ని చూపించేది. దాన్ని తోమేస్తే బొమ్మ బోసిగా తయారవుతుంది. పొడి బ్రష్‌తో సరిపెట్టండి. ఇత్తడంతా తళతళలాడాల్సిందేనని పట్టుపట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. అమ్మమ్మ నాటి మరచెంబుకు ఆ కాస్త ముదురు రంగే హుందాతనం.

విశాఖ, కాకినాడ వైపు సముద్రపు గాలికి ఇత్తడి తొందరగా రంగు మారుతుంది. అక్కడివాళ్ళు ఇత్తడిని అద్దం వెనక పెట్టుకుని, అరలో ఒక మూల సిలికా జెల్ ప్యాకెట్ ఉంచితే మాటిమాటికీ తోమే పని తగ్గుతుంది.

6. వెనక రంగు సంగతి

షోకేసు వెనక అద్దం ఉంటే ముందు దాన్ని కప్పండి. ఆరు బొమ్మలు పన్నెండుగా కనపడతాయి, వాటితో పాటు ఎదురుగా ఉన్న ఫ్యాను, సోఫా, మీరూ కనపడతారు. దళసరి అట్టకు నేత గుడ్డ చుట్టి, వెనకవైపు టేపు వేసి, అర కొలతకు సరిగ్గా నిలబెడితే చాలు. నచ్చకపోతే తీసేయొచ్చు.

కొండపల్లి బొమ్మల్లోనే ఎరుపు, పసుపు, పచ్చ అన్నీ ఉంటాయి కాబట్టి వెనక మీగడ రంగు లేదా లేత ఇసుక రంగు. ఇత్తడికి ముదురు రంగు కావాలి. ముదురాకుపచ్చ, మెరూన్, ఇంకు నీలం. ఏటికొప్పాక నునుపుకి మెరవని బూడిద రంగు కుదురుతుంది. మెరిసే లామినేట్, పట్టు గుడ్డ, పువ్వుల వాల్‌పేపర్ దేనికీ పనికిరావు.

7. పేర్చడం

- ముందు నేల మీద, అర కొలతకు టేపు అంటించి, అందులో పేర్చి చూడండి. కుదిరాక ఫోన్‌లో ఫొటో తీసుకుని అలాగే పైన పెట్టండి.
- అన్నీ ఒకే ఎత్తులో, ఒకే గీత మీద ఉంటే బస్సు కోసం క్యూలో నిలబడ్డట్టుంటాయి. కొన్నిటి కింద దిమ్మెలు పెట్టండి. దిమ్మెకూ వెనకున్న గుడ్డే చుడితే అది కనపడదు, బొమ్మే కనిపిస్తుంది.
- ఎత్తైనదాన్ని సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకు పెట్టండి. అంబారీ ఏనుగు ఎడమవైపు వెనకగా ఉంటే కుడివైపు ముందుకు రెండు చిన్న బొమ్మలు. మధ్యలో ఖాళీ వదలండి. ఆ ఖాళీ నింపాలని చెయ్యి లాగుతుంది, ఆగండి.
- బొమ్మకూ బొమ్మకూ మధ్య కనీసం మూడు వేళ్ళ సందు. తలకూ పై అరకూ మధ్య కనీసం బెత్తెడు.
- ముఖాలు ఎటు చూస్తున్నాయో గమనించండి. బండి లాగే ఎద్దులు గోడవైపు, అంటే అర బయటికి వెళ్ళిపోతున్నట్టు ఉండకూడదు. లోపలికి వస్తున్నట్టు తిప్పండి.
- దశావతారాల వరస తప్పడం చాలా ఇళ్ళలో చూస్తుంటాం. చూసేవాళ్ళ ఎడమ నుంచి మత్స్య, కూర్మ, వరాహ, నారసింహ, వామన, పరశురామ, రామ, ఆ తర్వాత మీ సెట్టును బట్టి బలరాముడు, కృష్ణుడు, బుద్ధుడు వీళ్ళలో ఇద్దరు, చివర కల్కి.

ఇత్తడి సామాన్లలో ఒక వరస బాగా పండుతుంది. పాత కొలపాత్రలు మీ ఇంట్లో ఉంటే అరల్లో చెల్లాచెదురుగా పెట్టకుండా ఒకే చోట వరసగా పెట్టండి. గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. ఒక్కోటి ముందుదానికి రెట్టింపు. పక్కపక్కనే చూస్తే ఆ పెరుగుదలే ఒక డిజైన్. మధ్యలో ఒకటి లేకపోతే ఆ చోటు ఖాళీగానే ఉంచండి, చూసిన పెద్దవాళ్ళెవరో తమ ఇంటి అటక మీదున్నది తెచ్చి ఇచ్చినా ఇస్తారు. అడకత్తెరలు, కుంకుమ భరిణెలు, కజ్జికాయల చెక్కలు ఉన్నవాళ్ళు కూడా ఒక్కో రకానికి ఒక్కో చోటు కేటాయించుకోవచ్చు.

పొణికి బొమ్మలు తేలిక కాబట్టి తెరిచిన అర మీద పెడితే ఫ్యాను గాలికి పడిపోతాయి. అడుగున, రంగు లేని చోట, పోస్టర్లు అంటించడానికి వాడే తీసేయగలిగే పుట్టీ బఠాణీ గింజంత పెట్టండి. డబుల్ టేపు వాడితే తీసేటప్పుడు పూత ఊడొస్తుంది.

8. గోడ అరలు, బరువు

గోడకు కొత్తగా అర కొట్టిస్తుంటే ముందు సామాన్లు తూచండి. పెద్ద గుండిగ మనం అనుకున్న దానికంటే ఎప్పుడూ ఎక్కువే తూగుతుంది. కుంచం, గంగాళం, గుండిగ లాంటి బరువైనవి అసలు గోడ మీదికే ఎక్కించొద్దు. నేల మీద పీట వేసి పెడితే ఇంకా ఠీవిగా ఉంటాయి.

డ్రిల్ చేసినప్పుడు రాలే పొడి గోడ రకం చెబుతుంది. ఎర్రగా వస్తే ఇటుక, మామూలు ప్లగ్గు, స్క్రూ పట్టుకుంటాయి. బూడిద రంగులో, డ్రిల్ కష్టపడుతూ వస్తే కాంక్రీటు, ఇంకా గట్టి. తెల్లగా, పిండిలా, సులువుగా వచ్చేస్తే ఏఏసీ బ్లాకు, అంటే తేలికపాటి కాంక్రీటు ఇటుక. కొత్త అపార్టుమెంట్లలో ఇవే ఎక్కువ. వీటిలో మామూలు ప్లగ్గు కొన్నాళ్ళకు వదులై ఊడివస్తుంది. ఆ బ్లాకుల కోసమే చేసిన యాంకర్లు అడిగి తెప్పించండి.

హెచ్చరిక: స్విచ్ బోర్డుకు నిలువుగా పైనా కిందా డ్రిల్ చేయొద్దు, లోపలి వైర్లు సాధారణంగా ఆ దారిలోనే ఉంటాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే విడిగా నిలబడే షోకేసును ఎల్ బ్రాకెట్లతో గోడకు బిగించండి. పిల్లలు అరల్ని మెట్లనుకుని ఎక్కుతారు.

చెక్క అర మూడడుగులు దాటితే మధ్యలో ఇంకో ఆధారం ఉండాలి. అద్దం అరలైతే టఫెన్డ్ గ్లాసే వాడాలి, ఇత్తడిని అద్దం మీద పెట్టకపోవడమే మేలు.

అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టనివ్వకపోతే నిచ్చెన ఆకారంలో ఉండే విడి స్టాండు, లేదా నడుమెత్తు పుస్తకాల ర్యాకు తెచ్చుకోండి. గోడకు అంటించే హుక్కులు డిస్టెంపర్, సున్నం గోడల మీద నిలవవు, రంగును పెచ్చులుగా లాక్కుని కింద పడతాయి.

9. లైట్లు

రంగులు మారే ఆర్‌జీబీ లైట్లు వద్దు. నీలం వెలుగులో కొండపల్లి పెళ్ళికూతురు దయ్యంలా ఉంటుంది. 2700 నుంచి 3000 కెల్విన్ వార్మ్ వైట్ తీసుకోండి, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 90 ఉన్నది దొరికితే ఎరుపులు, పసుపులు నిజమైన రంగులో కనపడతాయి.

కార్పెంటర్లు అలవాటుగా స్ట్రిప్‌ను అర వెనక అంచుకు అంటిస్తారు. అప్పుడు గోడ వెలుగుతుంది, బొమ్మ ముఖం చీకటవుతుంది. పై అర ముందు అంచుకు లోపలివైపు, వెలుగు వెనక్కి పడేలా అంటించమనండి. స్ట్రిప్ చుక్కలు కనపడకుండా పాల రంగు మూత ఉన్న అల్యూమినియం చానెల్ వేయించండి. స్ట్రిప్‌కు కరెంటు ఇచ్చే డ్రైవర్ పెట్టె వేడెక్కుతుంది, అది షోకేసు బయటే ఉండాలి. హాలోజన్ బల్బులు మాత్రం ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకండి, ఆ వేడికి లక్క మెత్తబడుతుంది.

కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

వీధి గుమ్మం దగ్గర నిలబడి ఫొటో తీయండి. ఫోన్‌లోనే దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. రంగులు పోయాక కూడా ఒక్కో బొమ్మ ఆకారం విడివిడిగా తెలుస్తుంటే సరిగ్గా కుదిరినట్టు. అన్నీ కలిసిపోయి బూడిద ముద్దలా ఉంటే ఒక్కో అర నుంచి ఒకటి తీసి మళ్ళీ ఫొటో తీయండి.

రాత్రి హాలు లైటు ఆపి షోకేసు లైటు మాత్రం వేయండి. ఒక బొమ్మ నీడ ఇంకో బొమ్మ ముఖం మీద పడుతోందా? సోఫాలో కూర్చుంటే బల్బు నేరుగా కళ్ళలో కొడుతోందా? రెంటికీ మందు ఒకటే, లైటును కొద్దిగా తిప్పడమో ముందుకు జరపడమో.

ఇంటికొచ్చిన వాళ్ళను "ఎలా ఉంది?" అని అడగొద్దు, బాగుందనే అంటారు. "ముందు ఏది కనపడింది?" అని అడగండి. మీరు ముఖ్యం అనుకున్నదే వాళ్ళు చెప్పాలి. "లైట్లు బాగున్నాయి" అంటే లైట్లు ఎక్కువయ్యాయి.

నెల తర్వాత మూడు విషయాలు చూడండి. అర మీద రసమట్టం పెట్టి వంగిందేమో, బొమ్మల కింద పిండి రాలుతోందేమో, ఇత్తడి అడుగున పచ్చదనం వచ్చిందేమో.

నాణేలు, తోలుబొమ్మలు ఉన్నవాళ్ళకు

నాణేల్ని తోమకండి, చింతపండుతో అసలే వద్దు. చార్మినార్ ముద్ర ఉన్న నిజాం నాటి నాణెమైనా, చిల్లుకాణీ అయినా, తామరపువ్వు ఉన్న 20 పైసలైనా, తోమితే మెరుస్తుంది గానీ సేకరించేవాళ్ళ దగ్గర విలువ పడిపోతుంది. అంచులు పట్టుకుని తీయండి. ఘాటైన ప్లాస్టిక్ వాసన వచ్చే మెత్తటి పీవీసీ ఆల్బమ్‌లు నాణేలకు జిగటను, పచ్చదనాన్ని తెచ్చిపెడతాయి, పీవీసీ కానివి అడగండి. గోడకు పెట్టాలంటే లోతున్న ఫ్రేములో, రెండు వైపులా కనిపించేలా ఒక్కో రకానివి రెండేసి పెట్టడం బాగుంటుంది. బంగారం, వెండి నాణేలు హాల్లో ఎందుకు? వాటి చోటు లాకరే.

నిమ్మలకుంట తోలుబొమ్మలు వెనక నుంచి వెలుగు పడితేనే అందం. గోడకు రెండంగుళాలు ఎడంగా వేలాడదీసి వెనక ఎల్ఈడీ పెట్టండి. రెండు అద్దాల మధ్య బిగించి ఫ్రేము కట్టించొద్దు, వానాకాలం తేమకు తోలు అద్దానికి అతుక్కుంటుంది.

అమెరికా లాంటి చలి దేశాల్లో ఉన్నవాళ్ళు ఫైర్‌ప్లేస్ పైనున్న అర మీద చెక్క బొమ్మలు పెట్టకండి. ఫొటోల్లో ఎంత బాగున్నా, ఆ వేడికి లక్క మెత్తబడుతుంది, కర్ర పగులుతుంది. హీటర్ గాలి వచ్చే సందుల దగ్గరా అంతే.

దాచిన సగాన్ని ఏం చేయాలి?

న్యూస్‌పేపర్‌లో చుట్టొద్దు, సిరా అంటుతుంది. బబుల్ కవరు నేరుగా లక్క బొమ్మలకు చుడితే ఎండాకాలంలో ఆ బుడగల అచ్చు పడిపోతుంది. పాత పంచె ముక్కలో చుట్టి, అవసరమైతే దాని పైన బబుల్ కవరు వేయండి. డబ్బాలో సిలికా జెల్ వేసి మూత పెట్టండి.

డబ్బాలు అటకెక్కించే ముందు ఒక్కసారి ఆలోచించండి. అపార్టుమెంట్లలో అటక సాధారణంగా బాత్రూం పైన ఉంటుంది, అంటే తేమ. పై అంతస్తు అయితే శ్లాబు వేడి. మంచం కింద సొరుగో, బీరువా అడుగు అరో వీటికంటే మంచిది.

మార్చడానికి పండగల్ని గుర్తుగా పెట్టుకుంటే తేలిక. ఎలాగూ ఉగాదికి, దసరాకి, సంక్రాంతికి ఇల్లు దులుపుతాం. అప్పుడే ఒక డబ్బా దించి ఒక డబ్బా నింపేయడం. ప్రతి డబ్బా మూత మీద లోపల ఏమేం ఉన్నాయో రాసి అంటించండి, విరిగినవి, పురుగు అనుమానం ఉన్నవి మాత్రం అందులో కలపకుండా విడిగా పెట్టండి.